పూల మీద మొదటి అడుగు

"ప్రాణాలతో పట్టుకురావాలి," అన్నాడు కర్నల్ స్కాల్జీ. "విన్నావా ఎర్సీలియా? ప్రాణాలతో."

ఎర్సీలియా తల ఊపింది. ఆ ఊపుడుకి ఒప్పుకున్నట్టు అర్థం కాదని ఆయనకీ తెలుసు. అందుకే రెండోసారి అడిగాడు. ఆమె రెండోసారీ ఊపింది.

రోమ్‌లో ఒక మందుల షాపు వెనక, బయటికి గోడౌన్‌లా కనిపించే గదిలో ఉంది వాళ్ళ గూఢచారి విభాగం ఆఫీసు. బల్ల మీద ఒక ఫోటో. నెరిసిన గడ్డం, మెడలో కెమెరా, చంకలో మడత పెట్టిన ట్రైపాడ్. ప్రొఫెసర్ వెల్నర్. ఆస్ట్రియా పాస్‌పోర్ట్. ఏడాదంతా పాత చర్చిల బొమ్మల మీద పాఠాలు చెబుతాడు, వేసవిలో టూరిస్టుల్ని వెంటేసుకుని ఇటలీ ఊళ్ళన్నీ తిప్పుతాడు. అది పైకి. లోపల, సరిహద్దు అవతలి ముఠాకి మన రాడార్ స్టేషన్ల రహస్యాలు మోసేది అతనేనని ఫైలు చెబుతోంది. అడ్డొచ్చిన వాళ్ళని తప్పించేదీ అతనేనట.

కిందటి జూన్‌లో అడ్డొచ్చినవాడు ఏజెంట్ దూచ్చో. ఎర్సీలియా భర్త. పోజ్జాల్తో అతని సొంత ఊరు. ముఠాలోని మనిషెవరో కాగితాలు తెచ్చిస్తానని మాట ఇస్తే, నమ్మి, పిస్టల్ కూడా ఇంట్లో వదిలేసి ఊరి గంటస్తంభం ఎక్కాడు. దిగడం మాత్రం మెట్ల మీద నుంచి దిగలేదు. కాలు జారిందని ఊళ్ళో అనుకున్నారు. చిన్నప్పటి నుంచి ఆ మెట్ల మీదే ఆడుకున్నవాడికి కాలెందుకు జారుతుందని అతని తల్లి దొమితిల్లా ఒక్కతే వాదించింది. ఎవరూ వినలేదు.

కర్నల్ పని చెప్పాడు. ముఠా నుంచి తప్పించుకొచ్చిన ఇంజనీరు ఒకడు పోజ్జాల్తో మఠంలో సన్యాసి వేషంలో దాక్కున్నాడు. ముఠాలో ఎవరెవరున్నారో అతని బుర్రలో ఉంది. రేపు దివ్యసత్ప్రసాద పండుగ, క్రీస్తు శరీరంగా కొలిచే అప్పాన్ని ఊరేగించే రోజు. సన్యాసులంతా కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపులో నడవాలి. అతనొక్కడూ రాకపోతే ఊరంతా అదేమిటని అడుగుతుంది కాబట్టి అతనూ నడుస్తాడు. ఆ సంగతి ముఠాకి తెలిసిపోయింది.

"ఎలా తెలిసింది?" అంది ఎర్సీలియా.

"మన ఆఫీసులోనే ఎవడో అమ్ముతున్నాడు. వాడి పేరు హంతకుడి నోట్లో ఉంది. నువ్వు ఆ నోరు మూసేశావనుకో, రేపు ఇంకో దూచ్చో పోతాడు."

అప్పుడే తలుపు తోసుకుని ఖరీదైన సెంటు వాసన లోపలికొచ్చింది. దాని వెనకే బారొనెస్ ఇలోనా. హంగరీ జమీందారుల బిడ్డ, మోచేతుల దాకా తెల్ల గ్లవ్స్, నడుస్తుంటే వీధిలో వెస్పా స్కూటర్లు ఆగిపోతాయని ఆఫీసులో కుర్రకారు చెప్పుకునే మనిషి. రెండేళ్ళుగా ముఠా బల్ల దగ్గర భోంచేస్తూ ఆ కబుర్లు కర్నల్‌కి చేరవేస్తోంది. వెల్నర్ పేరు బయటపెట్టింది ఆమే. దూచ్చో చనిపోయిన వారం తాను వియన్నాలో ఉన్నాననీ, ఇక్కడే ఉండుంటే అతను బతికేవాడనీ చెప్పి కళ్ళు తుడుచుకుంది కూడా.

మెట్లు దిగుతున్నప్పుడు ఎర్సీలియా చెయ్యి పట్టుకుని ఆమె నెమ్మదిగా అంది. "కర్నల్ మాటలు కర్నల్‌వి. నా మొగుణ్ణి ఎవడైనా అలా చేసుంటే నేనైతే ఆలోచించను చెల్లీ."

ఎర్సీలియా కూడా ఆలోచించడం మానేసి చాలా నెలలైంది. 'పారిపోబోయాడు, కాల్చక తప్పలేదు.' రిపోర్టులో రాయాల్సిన వాక్యం ఎప్పుడో తయారుగా ఉంది.

*

మర్నాడు ఉదయం పోజ్జాల్తోలో వెల్నర్ టూరిస్టుల గుంపు చివర ఒక స్విస్ స్కూలు టీచరు నడుస్తోంది. నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, నడుం చుట్టూ దూది కుట్టిన గౌను. పౌడరు డబ్బా మూతలో చిన్న రేడియో. కళ్ళద్దాల పెట్టెలో పిస్టల్. చప్పుడు రాదు, గుండు మాత్రం ఒక్కటే. ఎర్సీలియాకి ఒక్కటి చాలు.

చర్చిలో వెల్నర్ కుడి గోడ దగ్గర ఆగాడు. త్రాసు పట్టుకుని ఆత్మల్ని తూస్తున్న మిఖాయేలు దేవదూత బొమ్మ. గీసినవాడి పేరెవరికీ తెలియదు. ఆ నీలం రంగు కోసం రాయిని ఎలా నూరి ఉంటారో చెబుతూ చెబుతూ ప్రొఫెసర్ మధ్యలో ఆగాడు. జేబురుమాలు తీసి ముక్కు చీదుకుని, స్విస్ టీచరు వైపు తిరిగి, "అమ్మా, మీరక్కణ్ణుంచి చూస్తే లాభం లేదు. ఇలా రండి, వెలుతురు పక్కనుంచి పడాలి," అని ఎంతో మర్యాదగా చోటిచ్చాడు.

ఈ చేత్తోనేగా తోశావు, అనుకుంది ఎర్సీలియా. ఆ చేతినే చూస్తూ నిలబడింది. దేవదూత మొహం ఆమెకి గుర్తు లేదు.

అక్కణ్ణుంచి కచేరీ భవనం, బావి, గంటస్తంభం. స్తంభం కింద అందరూ తలలెత్తి చూశారు. ఎర్సీలియా తల దించుకుంది. ఆ రాళ్ళని ఎవరు కడిగారో, ఎంతసేపు కడిగారో ఆమెకి తెలుసు.

తర్వాత కుమ్మరి సందు. సందు సందంతా పూల తివాచీ. ఎర్రకి గసగసాల పూలు, పచ్చకి సోపు ఆకు, పసుపుకి కొండ మీది పూలు. రంగులద్దడం, కాగితం ముక్కలు కలపడం ఈ ఊళ్ళో నామోషీ. బిషప్ దివ్యసత్ప్రసాదం చేతపట్టుకుని వచ్చి మొదటి అడుగు వేసేదాకా ఆ పూల మీద పిల్లి కూడా నడవడానికి వీల్లేదు. ఊళ్ళోవాళ్ళు అవతలికి వెళ్ళాలంటే చెప్పులు విప్పి, రెండు అరచేతులూ గోడకి ఆనించి, గోడ అడుగున బెత్తెడు మాత్రం ముందుకొచ్చిన రాతి అంచు మీద పక్కకి జరుగుతూ పోతారు. ఇక్కడి పిల్లలకి అది నడకతోపాటే వస్తుంది. కటానియా నుంచి కోడలిగా వచ్చిన ఎర్సీలియాకి మాత్రం ఐదేళ్ళయినా పట్టుబడలేదు. ప్రతి పండక్కీ ఒక రెక్కో ఆకో చెరిపేది, ప్రతి పండక్కీ తిట్లు తినేది.

సందు మధ్యలో దొమితిల్లా క్యాను పట్టుకుని తివాచీ మీద నీళ్ళు చిలకరిస్తోంది. కొడుకు పోయిన ఏడాదైనా సరే, తన భాగం తాను పరిచింది. మధ్యలో తెల్ల కార్నేషన్లతో పావురం. గడప మీద ఎర్సీలియా నాలుగేళ్ళ కూతురు నేరీనా పూలరెక్కలు తెంపుతూ, మధ్యమధ్య దగ్గుతోంది.

దగ్గు మందు పట్టారా లేదా? ఎర్సీలియా నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. నేరీనా తలెత్తి ఈ ముసలి టీచర్ని ఒకసారి చూసి మళ్ళీ పూల మీద పడింది. వేషం బాగానే కుదిరింది.

"ఏమ్మోయ్ కళ్ళద్దాలావిడా!" అని కేక పెట్టింది దొమితిల్లా. "గోడ వారకి జరుగు. నీ బూటు చూడు, పావురం తోక మీదకొస్తోంది. మా కోడలూ నీలాంటిదే, కాళ్ళెక్కడుంటాయో దానికే తెలీదు."

ఎర్సీలియా జరిగింది. పక్కనే, తానూ టూరిస్టులా గుంపులో చేరిన ఇలోనా, తెల్ల గొడుగు తిప్పుతూ, హీల్స్‌తో ఈ రాళ్ళ మీద నడవడం నరకమనీ, ఇలాంటి ఊరు జన్మలో మొదటిసారి చూస్తున్నాననీ పక్కవాళ్ళకి జర్మన్‌లో చెబుతోంది.

*

చర్చి గంటలు మొదలయ్యాయి. ఊరు ఊరంతా ఊరేగింపు బయల్దేరేది చూడ్డానికి చర్చి గుమ్మం దగ్గరికి పోయింది. వెల్నర్ ఫోటోల కోసమని కచేరీ భవనం పై వరండా ఎక్కి ట్రైపాడ్ నిలబెట్టాడు. అక్కణ్ణుంచి కూడలి మొత్తం కనిపిస్తుంది. కాల్చడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఎర్సీలియా అతని వెనక వరండా స్తంభం చాటున నిలబడి కళ్ళద్దాల పెట్టె తెరిచింది. పౌడరు డబ్బాలో ఇలోనా గొంతు గుసగుసలాడింది. "నేను బావి దగ్గరికి వెళ్తున్నా. వాడు కెమెరా ఎత్తగానే చెబుతా. ఆ కెమెరాలోనే తుపాకీ ఉంది."

వెల్నర్ ఏదో కూనిరాగం తీస్తూ లెన్స్ తుడుచుకుంటున్నాడు. నెరిసిన మెడ, కాలరు మీద చుండ్రు. ఏడాది నుంచీ ఆమె రాత్రిళ్ళు చూస్తున్నది ఈ మెడనే. ఇన్నాళ్ళకి చేతికి అందేంత దూరంలో ఉంది. వేలు ట్రిగ్గర్ మీద పడింది.

ఇలోనా బావి దగ్గరికి చేరిందో లేదోనని ఒక్కసారి కిందికి చూసింది.

కుమ్మరి సందు మొదట్లో తివాచీ కొస దగ్గర ఇలోనా నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. అడ్డంగా నాలుగంగలు వేస్తే బావి. తొందరలో ఉన్న పరాయి ఊరి మనిషి ఎవరైనా తొక్కుకుంటూ పోతుంది, లేదా చుట్టూ తిరిగిపోతుంది. ఇలోనా ఆ రెండూ చెయ్యలేదు. హీల్స్ విప్పి, గొడుగుతోపాటు చంకలో ఇరికించుకుంది. గోడకి ఎదురు తిరిగింది. అరచేతులు గోడకి ఆనించి, మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు అంటూ ఆ బెత్తెడు రాయి మీద తీగ మీద పిట్టలా జరిగిపోయింది. అవతలికి దిగాక వంగి, గ్లవ్ లాగేసి, వేలి కొసని నాలుకకి తడి చేసుకుని, గాలికి పక్కకి పోయిన ఒక ఎర్ర రెక్కని అద్ది తీసి మళ్ళీ వరసలో పెట్టింది.

ఎర్సీలియా వేలు ట్రిగ్గర్ మీదే ఆగింది. ఐదేళ్ళు నేర్పినా తనకి రాని నడక అది. ఆ తడి వేలు దొమితిల్లా వేలు. ఈ ఊళ్ళో పుట్టిన ఆడవాళ్ళందరి వేలు.

జన్మలో మొదటిసారి చూస్తున్న ఊరు!

వెల్నర్ మీద వేలు చూపించింది ఎవరు? ఇలోనా. వియన్నాలో ఉన్నానని చెప్పింది ఎవరు? ఇలోనా. దూచ్చో పిస్టల్ కూడా లేకుండా నమ్మి వెళ్ళాడంటే, ఎదురొచ్చింది గడ్డం ప్రొఫెసర్ అయ్యుండడు. తన ఊరి యాసలో మాట్లాడే మనిషై ఉండాలి. ఇప్పుడు ప్రొఫెసర్ చచ్చిపడితే నేరమంతా అతని మీదే పోతుంది.

చర్చి తలుపులు తెరుచుకున్నాయి. ముందు సన్యాసులు, గోధుమరంగు అంగీలు, చేతుల్లో కొవ్వొత్తులు. వెనక పట్టు పందిరి కింద బిషప్. వెల్నర్ కెమెరా ఎత్తాడు.

"ఇప్పుడే," అంది పౌడరు డబ్బా. "కాల్చు చెల్లీ."

కెమెరా 'క్లిక్' మంది. అంతే. కెమెరా చేసే చప్పుడే చేసింది. కింద బావి పక్కన ఇలోనా తెల్లగొడుగు మూసి, దాని మొనని వరసలో మూడో సన్యాసి వైపు నెమ్మదిగా తిప్పుతోంది.

ఎర్సీలియా పిస్టల్ని ప్రొఫెసర్ మెడ మీద నుంచి లాగి, వరండా పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించి కాల్చింది.

గొడుగు ఎగిరిపడింది. అందులోంచి వచ్చిన గుండు సన్యాసి చేతిలో కొవ్వొత్తిని సగానికి విరిచి చర్చి గోడలో దిగింది. సన్యాసి వేషంలోని ఇంజనీరు చటుక్కున నేలకి కరుచుకుపోయాడు. గుంపంతా కేకలు. "అయ్యో, బొమ్మ కదిలిపోయిందే," అని వెనక వెల్నర్ విసుక్కోవడం వినబడింది.

*

ఇలోనా మళ్ళీ కుమ్మరి సందులోకే పరుగెత్తింది. సందు చివర కింది ద్వారం, ద్వారం బయట ఇంజన్ ఆపకుండా నల్ల ఫియట్. ఎర్సీలియా మెట్లు దూకుతూ దిగి వెంటబడింది.

తివాచీ అంచున ఇలోనా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. దేవుడి పండగనాడు సన్యాసి మీద గుండు పేల్చిన మనిషి! గుండెలో ఎప్పుడో చచ్చిపోయిన భయం పాదాల్లో ఇంకా బతికే ఉంది. గోడకి తిరిగి అంచు ఎక్కి, బల్లిలా అంటుకుని వేగంగా జరగడం మొదలుపెట్టింది. ఆ వేగం చూస్తే ద్వారం దాటిపోయేలా ఉంది.

ఎర్సీలియాకి ఆ నడక రాదు.

విగ్గు తీసి పారేసింది. గౌను పైకెత్తి పట్టుకుని పూల మధ్యలోంచే పరుగు తీసింది. గసగసాలు, సోపు, పసుపుపూలు కాళ్ళ కింద జారుతున్నాయి. పూలతో పరిచిన ద్రాక్షగుత్తుల మీద నుంచి, తెల్ల పావురం మీద నుంచి, దాని తోక మీద నుంచి కూడా. ఇలోనాని దాటి నాలుగు గజాలు ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి, ఖాళీ పిస్టల్ చాచి నిలబడింది.

ముందు పిస్టల్. వెనక కూడలి నుంచి జనం అడుగుల చప్పుడు. ఇలోనా రెండు చేతులూ గోడకే ఉన్నాయి. తీస్తే పడుతుంది.

"నువ్వు నన్ను చంపలేవు," అంది ఇలోనా ఆయాసపడుతూ. "నీ కర్నల్‌కి పేరు కావాలి."

"కర్నల్‌కి కావాలి. నాకేం కావాలో నీకు తెలుసు."

అప్పుడు ఇలోనా కళ్ళు ఒక్క క్షణం పక్కకి పోయాయి. రెండిళ్ళ అవతల నీలం తలుపుల కిటికీ. ఎర్సీలియా కూడా అటు చూసింది. అది రొట్టెలు కాల్చే గెరార్దో ఇల్లు. ఆయన పోయాడు, భార్య జెలిందా ఉంది. వాళ్ళ కూతురు ఫిర్మీనా పద్దెనిమిదేళ్ళప్పుడు మిలాన్‌లో పాటలు పాడతానని వెళ్ళి మళ్ళీ రాలేదనీ, జెలిందా ప్రతి పండక్కీ కిటికీ దగ్గర కూర్చుని దారి చూస్తుందనీ అత్తగారు ఎన్నోసార్లు చెప్పింది.

"ఫిర్మీనా," అని పిలిచింది ఎర్సీలియా.

హంగరీ జమీందారుల బిడ్డ మొహంలో రక్తం లేకుండా పోయింది.

"మెల్లిగా," అంది. ఈసారి అచ్చమైన పోజ్జాల్తో యాస. "మెల్లిగా మాట్లాడు. అమ్మ లోపలుంది."

"పేరు చెప్పు. లేకపోతే బేడీలేసి ఆ కిటికీ ముందునుంచే తీసుకెళ్తా. నువ్వేం చేశావో నేనే చదివి వినిపిస్తా."

"చెబితే?"

"వెనక మెట్లదారిలో తీసుకెళ్తా. నీ మొహం మీద గుడ్డ కప్పి."

"మాట?"

"మాట."

"మేజర్ బ్రుస్కో," అంది ఫిర్మీనా గోడకే చెబుతున్నట్టు. "మీ కర్నల్ పక్క గదిలో కూర్చునేవాడు. రాడార్ కాగితాలన్నీ వాడే ఇచ్చాడు. దూచ్చో వస్తున్నాడని చెప్పిందీ వాడే."

ఎర్సీలియా పౌడరు డబ్బా నోటి దగ్గర పెట్టుకుని ఆ పేరు రెండుసార్లు కర్నల్‌కి చెప్పింది. తర్వాత ఫిర్మీనా మణికట్టు పట్టి అంచు మీద నుంచి దింపి, బేడీలు వేసి, నీలం కిటికీ వైపే నడిపించింది.

"మాట ఇచ్చావు!" అంది ఫిర్మీనా కాళ్ళు నేలకి బిగించి.

"ఇచ్చాను. నువ్వూ మా ఆయనకి ఇచ్చావు."

ఇంతలో కేక. సందు మధ్యలో దొమితిల్లా క్యానుతో నిలబడి చూస్తోంది, పావురం ఉన్న చోట ఎర్రతెలుపు ముద్దని. ఎవరే నువ్వు, నీ కాళ్ళిరగ, అని తిట్టబోయి, విగ్గు లేని మొహం చూసి ఆగిపోయింది.

"నువ్వటే?"

"అత్తమ్మా," అంది ఎర్సీలియా. "కాలు జారలేదు. ఇదే తోసింది."

దొమితిల్లా క్యాను కింద పెట్టింది. చెప్పులు విప్పలేదు. గోడ వైపు చూడనైనా చూడలేదు. తాను పరిచిన పూల మీద, మిగిలిన పావురం రెక్క మీద అడుగులేసుకుంటూ తిన్నగా వచ్చి ఫిర్మీనా చెంప మీద కొట్టింది. సందు మొత్తం మోగింది. రెండో దెబ్బకి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆపేసి, కొడుకు పేరు అనబోయి, ఏప్రన్ కొసతో నోరు మూసుకుంది.

ఆ చప్పుడుకి నీలం కిటికీ తెరుచుకుంది. జెలిందా ముందుకి వంగి చాలాసేపు చూసింది.

"ఫిర్మీనా," అంది చివరికి.

ఎర్సీలియా కాచుకున్న క్షణం ఇదే. ఇప్పుడు ఆ ముసలిదాని మొహం పగలాలి, ఆ పగలడం ఫిర్మీనా చూడాలి. దూచ్చో తల్లి ఏడాదిగా ఏం మోస్తోందో దీనికీ తెలియాలి.

జెలిందా కూతుర్ని తల నుంచి పాదాల దాకా చూసింది. బేడీల దగ్గర చూపు కాసేపు ఆగింది. తర్వాత పాదాలు చూసింది. ఉత్త పాదాలు, ఒక్క రెక్క కూడా అంటుకోలేదు. అప్పుడు వీధి చూసింది.

"పూలు తొక్కిందెవరే?" అని అడిగింది.

"నేను కాదమ్మా," అంది ఫిర్మీనా, చిన్నపిల్లలా ఏడుస్తూ. "వీళ్ళిద్దరూ."

జెలిందా ఎర్సీలియా బూట్లు చూసింది. దొమితిల్లా చెప్పులు చూసింది. కిటికీ తలుపులు మూసేసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గరే మేజర్ బ్రుస్కోని పట్టుకున్నారు. ఇంజనీరు క్షేమంగా రోమ్ చేరాడు. సాయంత్రానికల్లా కర్నల్ స్కాల్జీ ఫైలు మీద సంతకం పెట్టి కేసు మూసేశాడు.

పోజ్జాల్తోలో మాత్రం బిషప్ కంటే ముందు అడుగేసిన అత్తాకోడళ్ళ మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది.